బావ ఫోన్ చిట్టా

రిపేరమ్మకి కోపం ఎక్కువ. ఫోన్‌ని నీళ్ళల్లో పడేసి, ఎండలో ఆరబెట్టి, ఆపైన ఛార్జింగ్ పెట్టి, అంతా అయ్యాక తీసుకొచ్చి "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అనేవాళ్ళని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది. "నిన్నటిదాకా మా తాతగారూ బాగానే ఉన్నారండీ" అని మొహం మీదే అనేస్తుంది. అయినా ఆ వీధివాళ్ళంతా ఆవిడ దగ్గరికే వస్తారు. మిగతా షాపులవాళ్ళు ముందు స్క్రూలు విప్పుతారు. ఈవిడ ముందు ఫోన్‌ని పలకరిస్తుంది. కేబుల్ తగిలించి, కంప్యూటర్‌లో బొమ్మలూ బటన్లూ ఏమీ లేని ఒక నల్ల కిటికీ తెరిచి, అందులో ఒక్కో కమాండ్ టైపు చేస్తూ నీకేమైంది, ఎప్పటినుంచి, ఎక్కడ అని అడుగుతుంది. ఫోన్ లైను లైనుగా జవాబు చెబుతుంది. అద్దం పగిలినా, తెర నల్లబడినా, లోపల కొనప్రాణం ఉంటే చాలు.

టైలర్ షాపుకీ జెరాక్స్ షాపుకీ మధ్య ఇరుక్కున్న ఆ గదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు వీధిలో ఉండాలి. ఆ రోజు పదకొండున్నరకి ఆవిడ అక్క లోపలికొచ్చి, స్టూలు మీద కూర్చుని, చేతిసంచీలోంచి తువ్వాలు మూట తీసి బల్ల మీద పెట్టింది. మామూలుగా అయితే అక్క వస్తూనే "తిన్నావా? ఏం తిన్నావ్? అదీ ఒక తిండేనా?" అని మొదలుపెడుతుంది. ఆ రోజు ఏమీ అనలేదు.

మూట విప్పితే బావ ఫోన్. తెర అంతా పగిలి నల్లగా ఉంది.

"ఆపలేదే," అంది అక్క. "రాత్రంతా ఛార్జింగ్‌లోనే పెట్టాను. ఏమీ కనపడట్లేదుగానీ, ఎవరైనా చేస్తే గుర్రుమంటోంది."

రిపేరమ్మ ఏమైందని అడగలేదు. సంగతి ఆవిడకి తెలుసు. ఊరంతటికీ తెలుసు. బావ సరుకుల యార్డులో క్రేన్ నడుపుతాడు. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. క్రేన్ గదిలో కూర్చున్నవాడికి కింద ఏం జరుగుతోందో సరిగ్గా కనపడదు, వినపడదు. అందుకని కింద ఒక మనిషి నిలబడి చేతులతో సైగలు చేస్తాడు. దించు, పైకి లేపు, ఆపు. బావకి కింద నిలబడేవాణ్ణి యార్డులో అందరూ సైగలాయన అనేవాళ్ళు. నిన్న మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకి, దిగుతున్న ఇనప గొట్టాల కట్ట ఆగాల్సిన చోట ఆగకుండా కిందికి దిగి, పక్కనున్న దొంతరని కదిపింది. దొంతర సైగలాయన మీద పడింది. ఆస్పత్రిదాకా కూడా వెళ్ళలేదు, ప్రాణం అక్కడే పోయింది.

బావ గాభరాగా నిచ్చెన దిగుతుంటే ఫోన్ జారి కింద పడి పగిలిందట.

"రేపు పదింటికి ఎంక్వైరీ," అంది అక్క. "సైగలాయన ఆపమని చెయ్యెత్తలేదు, అందుకే దించానని మీ బావ చెప్పారు. ఫోర్‌మన్ ఏమంటున్నాడో తెలుసా? నువ్వు ఫోన్ చూస్తూ ఉండి ఉంటావు, కింద చెయ్యెత్తినా నీకు కనపడి ఉండదు అంటున్నాడు. ఫోన్ జేబులోనే ఉందని ఆయన నాతో ఒట్టేసి చెప్పారే! ఒట్టెందుకు, ఊరికే చెప్పినా నేను నమ్ముతాను. వాళ్ళు నమ్మాలిగా. నువ్వు అంటూ ఉంటావు చూడు, ఫోన్ అన్నీ రాసుకుంటుందని? అది చూపిస్తే సరి, వాళ్ళ నోళ్ళు మూతపడతాయి."

"బావకి చెప్పే తెచ్చావా?"

"ఆయనెక్కడే, మంచం మీద గోడవైపు తిరిగి పడుకునున్నారు. నిన్నటినుంచి మెతుకు ముట్టలేదు. నేనే తెచ్చాను."

రిపేరమ్మ తొమ్మిదేళ్ళ పిల్లగా ఈ అక్కాబావల ఇంటికొచ్చింది. అప్పటికి వాళ్ళకి పెళ్ళై మూడు నెలలు. కొత్తగా పెళ్ళైనవాళ్ళ ఒంటిగది ఇంట్లో మధ్యలో మరదలు పిల్ల. బావ ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆవిడ గోడగడియారం విప్పేసి మళ్ళీ బిగించలేకపోతే, "ఇంట్లో టైము ఆగిపోయిందోయ్, ఇవాళ నేను పనికెళ్ళక్కర్లేదు" అని నవ్వాడు. ఈ షాపులో గోడకున్న అరలన్నీ ఆయన చేత్తో కొట్టినవే. బావ అబద్ధం చెప్పడం ఆవిడ ఎన్నడూ ఎరగదు.

"ఉండు, ఐదు నిమిషాల పని," అంది.

నిజంగానే ఐదు నిమిషాల పని. ప్రతి ఫోనూ బ్యాటరీ ఎలా ఖర్చవుతోందో ఒక చిట్టా రాసుకుంటుంది. తెర ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు ఆరింది, ఎవరితో ఎంతసేపు మాట్లాడారు, అన్నీ సెకన్లతో సహా. తెర పగిలిన ఫోన్‌లోంచి దాన్ని బయటికి తీయాలంటే ఆ ఫోన్ ఈ కంప్యూటర్‌ని ముందే నమ్మి ఉండాలి. కొత్త ఫోన్ అయితే ఈ కంప్యూటర్‌ని నమ్మొచ్చా అని తెర మీద అడుగుతుంది, పగిలిన తెర మీద ఎక్కడ ఒప్పుకుంటాం? కానీ బావ ఫోన్ ఈ బల్ల మీదికి ఎన్నోసార్లు వచ్చింది. పొద్దున నింపిన బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోందని ఏడాదిలో ఆరుసార్లు తెచ్చి ఉంటాడు. కేబుల్ తగిలించగానే ఫోన్ పలికింది.

ఆరుసార్లూ ఆవిడ చేసింది ఒకటే. ముందు పాత చిట్టా మొత్తం తుడిచేయడం. తర్వాత ఫోన్ ఇచ్చేసి ఒక రోజు వాడుకోమని చెప్పి, మర్నాడు కొత్త చిట్టా చదవడం. పాతదీ కొత్తదీ కలిస్తే ఏ యాప్ బ్యాటరీ తింటోందో తేలదు. బ్యాటరీ పని నేర్చుకున్నవాళ్ళందరూ మొట్టమొదట నేర్చుకునే అలవాటు అది. నేర్చుకున్నాక చెయ్యి అడగదు, దానంతటది టైపు చేసేస్తుంది.

అక్క పక్కనే కూర్చుని "నిన్న పొద్దున కూడా నవ్వుతూనే వెళ్ళారే" అంటోంది. రిపేరమ్మ ఊఁ కొడుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎంటర్ నొక్కింది.

నల్ల కిటికీలో ఒక్క లైను వచ్చింది. బ్యాటరీ చిట్టా తుడిచివేయబడింది.

ఆ లైను ఆవిడ కొన్ని వందలసార్లు చూసి ఉంటుంది. చూసిన ప్రతిసారీ హాయిగా ఉండేది. ఈసారి మొదట అర్థం కాలేదు. అర్థమవగానే వెనక్కి తెచ్చుకునే కమాండ్ ఏదైనా ఉందేమోనని పిచ్చిదానిలా వెతికింది. అలాంటిది లేదని ఆవిడకే అందరికంటే బాగా తెలుసు. ఎంతమందికి తనే చెప్పలేదు, తుడిచింది తిరిగిరాదు, చూసుకుని చెయ్యండి అని!

"ఏమైందే? ఏం వచ్చింది?" అంది అక్క.

"అక్కా... చెరిపేశాను."

"ఏం చెరిపేశావ్?"

"అదే. నువ్వడిగిందే. పొరపాటున, అలవాటున... మొత్తం పోయింది."

అక్క తిట్టినా బాగుండేది. "నీ చేతులు పడిపోను" అని రెండు అంటించినా రిపేరమ్మ ప్రాణం కుదుటపడేది. అక్క తిట్టలేదు. లేచి, వీధిలోకి వెళ్ళి, పక్కింటావిడకి ఫోన్ చేసి, ఆయన్ని లేపి ఒకసారి చెల్లెలి షాపుకి పంపమని చెప్పింది. తర్వాత టైలర్ షాపు మెట్టు మీద కూర్చుని మొహానికి కొంగు కప్పుకుంది.

లోపల రిపేరమ్మ తలపట్టుకుని కూర్చుంది. తనలో తను నానా తిట్లూ తిట్టుకుంది. ఇంత చదువూ చదివి, ఊరందరికీ నీతులు చెప్పి, అన్నం పెట్టిన చేతినే నరికినట్టు చేశానే అనుకుని ఏడ్చింది. ఏడుపు కాస్త తెరిపిన పడ్డాక అప్పుడు తట్టింది. బ్యాటరీ చిట్టా ఒక్కటేనా? ఫోన్ ఇంకో చిట్టా కూడా రాసుకుంటుంది. అది బ్యాటరీ కోసం కాదు, ఏ యాప్ ఎంతసేపు వాడారో లెక్క తేల్చడం కోసం. తెర వెలిగినప్పుడూ ఆరినప్పుడూ, యాప్ తెరిచినప్పుడూ మూసినప్పుడూ అందులోనూ పడుతుంది. కేబుల్‌తో ఇలా అడిగితే అది ఒక్క రోజు వెనక్కి మాత్రమే చూపిస్తుంది, అంతకంటే పాతవి జారిపోతాయి. గడియారం చూసింది. పన్నెండూ పది. నిన్న మూడూ ఇరవై ఇంకా అందులోనే ఉంటుంది.

ఈసారి ఒక్కో అక్షరం వేలితో పొడిచి పొడిచి టైపు చేసింది. మూడుసార్లు చదువుకుని ఎంటర్ నొక్కింది. లైన్లు జరజరా పడ్డాయి. ఉంది! అన్నిటికన్నా పైన నిన్నటి పన్నెండింటి లైన్లు. కిందికి వెళితే మూడింటివి. ఆవిడ అక్కడే ఆగిపోయి, చేతులు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ చెయ్యి జారుతుందేమోనని భయం అనుకుంది. బావ వచ్చి తన కళ్ళతో తనే చూసుకోవాలి, ఆ సంతోషం ఆయనది అనుకుంది. అన్నీ నిజమే. చూడాలంటే ఎందుకో చెయ్యి రావడంలేదన్నది కూడా నిజమే.

ఒంటిగంట కావస్తుండగా బావ వచ్చాడు. భారీ మనిషి, గుమ్మంలో తల వంచి లోపలికి రావాలి. ఒక్క రోజులో మొహం పీక్కుపోయింది. ఆయన కళ్ళు ముందు బల్ల మీద ఫోన్ మీదికి, దానికున్న కేబుల్ మీదికి వెళ్ళాయి. వెనకే అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

రిపేరమ్మ ముందు చెడ్డ కబురు చెప్పి, తర్వాత మంచి కబురు చెబుదామనుకుంది.

"బావా, నన్ను తిట్టు. నీ ఫోన్‌లో నువ్వేం చూశావో, ఎప్పుడు చూశావో చెప్పే చిట్టా ఉంది. అక్క అది తీయమని తెచ్చింది. నేను చూడకముందే చెరిపేశాను. చెయ్యి అలవాటున వెళ్ళిపోయింది బావా."

రెండో మాట ఇంకా నోట్లోనే ఉంది. కానీ బావ మొహం చూసి ఆగిపోయింది.

తనకి అన్యాయం జరిగిందని తెలిస్తే మనిషి అరుస్తాడు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ మరదలు మంటగలిపితే గోడకేసి తల కొట్టుకుంటాడు. బావ ఊపిరి వదిలాడు. నిన్నటినుంచి బిగబట్టి ఉంచిన ఊపిరిలా ఉంది అది. భుజాలు దిగాయి. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, ఆవిడ తల మీద చెయ్యి వేశాడు.

"పోనీలే అమ్మాయ్. కావాలని చేశావా ఏంటి? ఏడవకు," అన్నాడు. కాస్త ఆగి, "ఇంకెక్కడా లేదుగా?" అన్నాడు.

తల మీద ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఇలాగే వేసేవాడు. జెరాక్స్ షాపులో మిషను ఎవరివో కాగితాలు తీస్తూ పోతోంది. లేదు అనడానికి ఒక్క మాట చాలు. రిపేరమ్మకి ఆ మాట గొంతుదాకా వచ్చింది.

"ఉంది బావా," అంది.

చెయ్యి తల మీంచి మెల్లగా కిందికి దిగింది.

"చూశావా?"

"లేదు. నీకోసం ఆగాను."

"మరి చెప్పవేం, ఉందని!" అంటూ అక్క సంబరంగా రెండడుగులు లోపలికొచ్చింది. "చూపించు, చూపించు. ఏవండీ, చూడండి..." అంటూ మొగుడి మొహం చూసింది. ఆయన తల ఎత్తలేదు. అక్క ఇంకోసారి "ఏవండీ?" అంది. ఈసారి గొంతు వేరుగా ఉంది. పద్నాలుగేళ్ళ కాపురం చేసిన మనిషి. ఆయన్ని ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చింది.

"ఎంతసేపుంటుంది అది?" అని అడిగింది చెల్లెల్ని.

"ఒక్క రోజే. మూడూ ఇరవై దాటితే నిన్నటిది జారిపోతుంది."

అక్క గోడ మీది గడియారం చూసింది. "అయితే ఊరుకో," అంది. "నువ్వేం చెరపొద్దు. ఏం చెయ్యొద్దు. ఆ కంప్యూటర్ ఆపేసి, ఊరికే కూర్చో. రెండున్నర గంటలు. దానంతటదే పోతుంది. రేపు ఎవరైనా అడిగితే పొరపాటున చెరిపేశానని చెప్పు. అది నిజమేగా? అబద్ధం కూడా ఆడక్కర్లేదే."

"అక్కా..."

"నిన్ను తొమ్మిదేళ్ళప్పట్నుంచీ పెంచాను. ఏనాడైనా ఒక్కటి అడిగానా నిన్ను? ఇదొక్కటి. ఆయన్ని జైల్లో పెడతారే!" అక్క చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది.

ఆ చేతుల్ని విడిపించుకోవడం రిపేరమ్మ వల్ల కాలేదు. అక్క అడిగిందాంట్లో తప్పు వెతుకుదామన్నా దొరకలేదు. ఎవరు మాత్రం అడగరు? తను అక్క స్థానంలో ఉంటే ఇంతకన్నా గట్టిగా అడిగి ఉండేది. కానీ మూడూ ఇరవై దాటితే పోయేది బావ తప్పు ఒక్కటేనా? బావ ఫోన్ చూడలేదంటే, సైగలాయన చెయ్యెత్తలేదని రాస్తారు. తన చావు తనే తెచ్చుకున్నాడని రాస్తారు. సైగలాయన ఒకసారి ఈ షాపుకి వచ్చాడు. మైకు పాడైన ఫోన్ ఇచ్చి, బాగవడానికి రెండు రోజులు పడుతుందంటే, "ఫర్వాలేదమ్మా, నాకు చేతులున్నాయిగా" అని గాల్లో రెండు సైగలు చేసి, షాపులో ఉన్నవాళ్ళందర్నీ నవ్వించాడు. ఇప్పుడు ఆయనకి చెప్పుకోవడానికి ఆ చేతులూ లేవు.

"అక్కా, ఇందాక చెరిపింది నా చెయ్యి," అంది. "ఇప్పుడు ఊరుకుంటే మాత్రం అది నేను చేసినట్టే. జన్మంతా నీ మొహం చూడలేను. బావ మొహమూ చూడలేను."

అక్క చేతులు వదిలేసింది. వదిలేసి గోడవైపు తిరిగింది. రిపేరమ్మ చెంపలు తుడుచుకుని, చిట్టాని కంప్యూటర్‌లో ఒక ఫైలుగా దాచింది. పేరు పెట్టింది, తేదీ వేసింది, ఇంకో కాపీ తీసింది. ఇక మూడూ ఇరవై దాటినా అది ఎక్కడికీ పోదు. అప్పుడు కంప్యూటర్‌ని బావవైపు తిప్పింది.

"నువ్వే చదువుకో బావా. నేను చదవను."

బావ చాలాసేపు వేలు పెట్టి ఒక్కో లైనే వెతుక్కుంటూ కిందికి వెళ్ళాడు. వేలు ఒకచోట ఆగింది. మూడూ పద్నాలుగుకి తెర వెలిగింది. అదే నిమిషంలో వీడియోల యాప్ తెరుచుకుంది. మూడూ ఇరవై ఒకటికి మూసుకుంది, మధ్యలో ఇంకే లైనూ లేదు.

"ఏడు నిమిషాలా?" అన్నాడు. "కాదు. ఒక్క నిమిషం. ఒక్క నిమిషమే చూశాననుకున్నాను." మళ్ళీ వేలు పెట్టి చూశాడు. అంకెలు మారలేదు.

"ఏం చూశావు బావా?"

"ఏమో. ఒట్టు, గుర్తులేదు. ఎవరో నవ్వుతున్నారు. కట్ట మెల్లగా దిగుతోంది, అదెలాగూ దిగుతుంది. ఒక చెయ్యి లివర్ మీదుంది. రెండోది ఖాళీగా ఉంటే ఊరుకోదు, జేబులోకి పోతుంది. తలెత్తి చూసేసరికి..." అంత పెద్ద మనిషీ బల్ల మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. గోడవైపు తిరిగి ఉన్న అక్క అప్పుడు ఇటు తిరిగింది. వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. చెల్లెలివైపు మాత్రం చూడలేదు.

మర్నాడు పదింటికి యార్డు ఆఫీసులో పొడుగాటి బల్ల ముందు ఎంక్వైరీ ఆఫీసరు, ఫోర్‌మన్, రాసుకునే గుమాస్తా కూర్చున్నారు. ఎదురుగా సైగలాయన కూతురు కూర్చుంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. బావ ముందుకొచ్చి ఫోనూ, చిట్టా అచ్చుతీసిన కాగితాలూ బల్ల మీద పెట్టాడు. అక్క వెనక కుర్చీలో కూర్చుంది. దారి పొడవునా ఆవిడ చెల్లెలితో ఒక్క మాట మాట్లాడలేదు.

"ఇది తీసింది మీరేనా?" అన్నాడు ఆఫీసరు.

"నేనేనండీ. ఇంకొకటి కూడా ఉండేది. బ్యాటరీ చిట్టా. దాన్ని నేను పొరపాటున చెరిపేశాను. అది కూడా రాసుకోండి," అంది రిపేరమ్మ. గుమాస్తా రాసుకున్నాడు.

బావ నిలబడే చెప్పాడు. ఏడు నిమిషాలు ఫోన్ చూశానని, జేబులో ఉందన్నది అబద్ధమని చెప్పాడు. సైగలాయన చెయ్యెత్తలేదని అన్నది కూడా తను కల్పించిందేనని చెప్పాడు. ఫోర్‌మన్ కాగితాలు సర్దుకుంటుంటే ఆ అమ్మాయి తల ఎత్తింది.

"అయితే మా నాన్న చెయ్యెత్తాడా?"

బావ నోరు తెరిచాడు. ఎత్తాడు అని చెప్పాలని ఆయనకి ఎంతగా ఉందో పక్కనే నిలబడ్డ రిపేరమ్మకి తెలుస్తూనే ఉంది. ఆ ఒక్క మాటా ఇస్తే ఆ పిల్లకి ఎంతో కొంత ఊరట. కానీ నిన్న మధ్యాహ్నం నుంచీ ఆయన దగ్గర మిగిలింది నిజం ఒక్కటే.

"నాకు తెలీదు తల్లీ," అన్నాడు. "అది చూడ్డానికే నన్ను అంత ఎత్తున కూర్చోబెట్టారు. నేను చూడలేదు."